ఒక్క వైరు మిగిలింది

ఆ సోమవారం పొద్దున ఆరింటికి జానకిరామయ్య చేతిలో ఉన్నవి ఇవి. గవర్నర్‌పేటలో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టు, దాని మీద రెండు గదుల ఇల్లు, పదహారు కిలోల రెండు వందల గ్రాముల నల్ల కుక్క, ఒక్క వైరు తప్ప అంతా పూర్తయిన మిషను. తన సొంత బరువు డెబ్బై ఒక్క కిలోల నాలుగు వందలు. భార్య రమాసుందరి పోయి మూడు నెలలు కావస్తోంది కాబట్టి ఆవిడ లెక్కలోకి రాదు.

ఈ బరువులు ఉజ్జాయింపుగా చెప్పినవి కావు. సోమవారం సోమవారం షట్టరు ఎత్తగానే జానకిరామయ్య కొట్లో కాటా సరిగ్గా ఉందో లేదో చూసుకుంటాడు. ముందు ఇరవై కిలోల రాయి పెడతాడు, తరవాత తనే ఎక్కుతాడు. మనమూ ఎక్కుదామని సరదాగా మొదలుపెట్టింది రమాసుందరి. కుక్కను చంకనెత్తుకుని దిగొచ్చేది. గోడ మీద నల్లపలకకు మూడు గళ్లు గీసింది కూడా ఆవిడే. ఆయనకొకటి, తనకొకటి, కుక్క మిన్నూకి ఒకటి. ఆవిడ గడిలో అంకెలు పోయిన ఏడాది యాభై ఎనిమిది దగ్గర మొదలై, యాభై నాలుగు, యాభై, నలభై ఐదు అని దిగుతూ నలభై ఒకటి దగ్గర ఆగిపోయాయి. ఆ తరవాత కాటా ఎక్కమని ఆవిడను అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. సరుకు ఆరినకొద్దీ తూకం తగ్గడాన్ని కొట్లో తరుగు అంటారు. బస్తాను చేత్తో తట్టి, నెల తరవాత ఎంత తరుగు పోతుందో చెప్పగలడని జానకిరామయ్యకు బజారులో పేరు. ఆ ఒక్క గడిలోనే ఆయన అంచనా తప్పింది.

మిషను కూడా రమాసుందరి చేసిందే. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక ఆవిడకు ఎలక్ట్రానిక్సు పిచ్చి పట్టుకుంది. చిన్న చిన్న బోర్డులు, మోటార్లు, సెన్సర్లు తెప్పించుకుని వంటింటి బల్ల మీద సోల్డరింగ్ చేసుకుంటూ కూర్చునేది. ట్యాంకు నిండితే మోగే గంట ఆవిడ చేసిందే. చివరగా మొదలుపెట్టింది మిన్నూకి వేళకు తిండి పెట్టే మిషను. ప్లాస్టిక్ డబ్బాలో కుక్కలకు పెట్టే గింజలు పోస్తారు. ముందువైపు గుడ్లగూబ కళ్లలాగా రెండు గుండ్రటి కళ్లుంటాయి. ఒక కన్ను మనిషి చెవికి అందని చప్పుడు పంపుతుంది. రెండో కన్ను ఆ చప్పుడు దేనికైనా తగిలి తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో దాన్నిబట్టి దూరం లెక్క కడుతుంది. కుక్క జానెడు దూరంలోకి రాగానే మూత తెరుచుకుని గుప్పెడు గింజలు గిన్నెలో పడాలి.

అది మొదలుపెట్టిన కారణం జానకిరామయ్యకు తెలుసు. తను ఉండనని ఆవిడకు తెలిసిపోయింది. మొగుడు పొద్దున ఆరింటికి కొట్లో దిగితే రాత్రి తొమ్మిదికి ఎక్కుతాడు. తన తిండి వేళే గుర్తుండని మనిషికి కుక్క తిండి వేళ ఏం గుర్తుంటుంది? అందుకని ఆ సోమవారం ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. ఆవిడ సగంలో వదిలిన పని పూర్తి చేయించాలి.

పక్కింటి బాలశౌరి కొండపల్లి థర్మల్ స్టేషన్లో మీటర్లు చూసే సెక్షనులో చేసి రిటైరయ్యాడు. రమాసుందరిని అక్కయ్యగారనీ, జానకిరామయ్యను బావగారనీ పిలుస్తాడు. వరండాలో గొంతుక్కూర్చుని మిషనును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కయ్యగారు అంతా చేసేశారండి. సెన్సరు కాడ ఒక్క వైరు మిగిలిందంతే. పాపం, ఓపిక చాల్లేదు."

ఎందుకైనా మంచిదని ఆవిడ నోటుపుస్తకం చూద్దామన్నాడు. జానకిరామయ్య తెచ్చాడు కానీ చేతికి ఇవ్వలేదు. బస్సు టికెట్టు గుర్తు పెట్టి ఉన్న చోట, బొమ్మ ఉన్న పేజీ తెరిచి, తనే పట్టుకుని చూపించాడు. పేజీ తిప్పనివ్వలేదు. అవతల ఇంకా ఎన్ని కాగితాలు రాసి ఉన్నాయో, ఖాళీ ఎక్కడ మొదలవుతుందో ఆయనకు తెలుసుకోవాలని లేదు. బాలశౌరి బొమ్మ ప్రకారం వైరు కలిపాడు. ఎర్రదీపం వెలిగింది. పక్కనే పడుకున్న మిన్నూ లేచి, చెవులు వెనక్కి వాల్చి, లోపలి గదిలో మంచం కిందకు పోయింది.

"కొత్త కదండీ. అలవాటయ్యేదాకా ఇంకెక్కడా పెట్టమాకండి, దాని దగ్గరికే రావాలి," అన్నాడు బాలశౌరి.

మొదటి మూడు రోజుల్లో మిషను చాలామందికి భోజనం పెట్టింది. ఇల్లు తుడిచే బకెట్టు దగ్గరకొస్తే గుప్పెడు గింజలు పోసింది. బాలశౌరి టిఫిను కారియరుకు పోసింది. పూజకు చెంబుతో నీళ్లు తీసుకెళుతున్న సీతమ్మ కాళ్ల ముందు రెండుసార్లు పోసింది. సీతమ్మ రమాసుందరికి అక్క. చెల్లెలు పోయినప్పుడు చల్లపల్లి నుంచి వచ్చి, మూడో మాసికం అయ్యేదాకా వంట చేసిపెడతానని ఉండిపోయింది. "దీని కంటికి నేను ఎలా కనపడుతున్నానో" అని ఆవిడ చెంబు కిందపెట్టి మిషనును చాలాసేపు చూసింది. పడిన గింజలన్నీ కాకులూ ఉడతలూ తిన్నాయి. మిన్నూ మాత్రం మంచం కింద నుంచి రాలేదు. ఎప్పుడైనా తప్పనిసరై వరండా దాటితే, ఆ బొచ్చు ఒళ్లు మిషను కంటికి ఆనేదే కాదు.

బాలశౌరి ఆలోచించి, సెకనుకు పదిసార్లు పోయే చప్పుడును ఇరవైసార్లు చేశాడు. ఇప్పుడు కుక్కను తప్పకుండా పసిగడుతుందని హామీ ఇచ్చాడు. ఆ సాయంత్రమే మిన్నూ మెట్లు దిగి కొట్లోకి పోయింది. అన్నిటికన్నా వెనక మూలన, మినుముల బస్తాల పక్కన పడుకుంది. ఇక మేడెక్కలేదు.

ఆ మూలన గోడకు రమాసుందరి ఫోటో ఉంది, దండతో సహా. మర్నాడు పప్పు కొనడానికి వచ్చిన వాళ్లలో ముందెవరు చూశారో కానీ, మధ్యాహ్నానికి బజారంతా తెలిసింది. జానకిరామయ్య కుక్క యజమానురాలి పాదాల దగ్గర పడుకుని అన్నం ముట్టడం లేదట.

జానకిరామయ్య మొదట నమ్మలేదు. తిండిసరుకులమ్మే కొట్లో జంతువుకు తిండి పెట్టకూడదని తనే పెట్టుకున్న నియమం. ఐదో రోజు మధ్యాహ్నం రెండింటికి ఆ నియమం పక్కనపెట్టి, పెరుగన్నం కలిపి పళ్లెంలో మిన్నూ ముందు పెట్టాడు. అది వాసన చూసి, ఆయన ముఖం చూసి, మెల్లగా అటు తిరిగి పడుకుంది. అప్పుడు నమ్మాడు. పైకి వెళ్లి తన కంచం ముందు కూర్చున్నాడు, లేచాడు. కొట్లో తిన్నానని సీతమ్మతో చెప్పాడు. రాత్రి ఆకలి లేదన్నాడు. మర్నాడూ అదే వరస. వారం తిరిగేసరికి పంచె ముడి రోజుకు రెండుసార్లు బిగించుకోవాల్సి వస్తోంది. నేత పలచబడిందనుకున్నాడు.

సీతమ్మకు ఈ వార్త మరోరకంగా పనికొచ్చింది. చెల్లెలు పోయిన పదమూడో రోజు తెల్లవారకముందే మరిది షట్టరు ఎత్తిన చప్పుడు ఆవిడ ఇంకా మరిచిపోలేదు. దహనం రోజున గానీ, తరవాత గానీ ఆయన కంట నీరు ఆవిడ చూడలేదు.

"మూగజీవం మరిదిగారూ," అంది అన్నం వడ్డిస్తూ. "దానికి వ్యాపారం తెలీదుగా. బాధపడుతుంది."

జానకిరామయ్య కంచం పక్కకు జరిపి లేచాడు. ఏడుపు రాలేదంటే లేదని కాదు. ఉన్న సరుకు గోడౌన్లో ఎక్కడో వెనక పడిపోయింది, తీద్దామంటే ముందు బస్తాలు అడ్డం. ఆ ఇంట్లో ఏడవాల్సిన వాటా మొత్తం కుక్క ఒక్కటే మోస్తోందనీ, అందులో తన వంతు కూడా ఉందనీ ఆయన లోపల్లోపల ఒప్పుకున్నాడు. కానీ మోసీ మోసీ అది కూడా పోతే? రమాసుందరి చేత్తో తిన్న ప్రాణి ఇక ఆ కొంపలో ఇంకోటి లేదు. రెండో సోమవారం రాయి పెట్టి చూశాడు కానీ, మిన్నూను కాటా ఎక్కించలేదు. తనూ ఎక్కలేదు. మరో గడిలో అంకెలు దిగడం చూసే శక్తి ఆయనకు లేదు.

ఎదురింటి దత్తాత్రేయ బీమా ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఉదయపు నడక సంఘానికి కార్యదర్శి. ఏడాదికి నలుగురికైనా శాలువా కప్పకపోతే సంఘం ఉన్నట్టా అనేది ఆయన సిద్ధాంతం. ఈ ఏడు మనుషులెవరూ దొరకలేదు.

"మీరు కాదనకండి జానకిరామయ్యగారూ. విశ్వాసం అనేది ఈ రోజుల్లో ఎక్కడుందండీ? ఆదివారం పొద్దున పదింటికి. పది నిమిషాల పని."

శనివారం సాయంత్రానికి కొట్టు ముందు ఫ్లెక్సీ లేచింది. అందులో మిన్నూ బొమ్మ మనిషంత, రమాసుందరి బొమ్మ చెయ్యంత, దత్తాత్రేయ బొమ్మ ఆ రెండిటికీ మధ్యస్థంగా ఉన్నాయి. అన్నం ముట్టని మిన్నూకి ఆత్మీయ సత్కారం అని కింద రాశారు. సత్కారానికి ముగింపుగా కుక్క అందరి ముందూ ఉపవాసం విరమిస్తే బాగుంటుందని దత్తాత్రేయ అన్నాడు. అది ఫోటో దగ్గర నుంచి కదలదు కాబట్టి, మిషనునే ఫోటో కిందకు తెస్తే సరి అని బాలశౌరి అన్నాడు. చెల్లెలు చేసిన మిషను, చెల్లెలి ఫోటో కింద. సీతమ్మ కళ్లొత్తుకుంది. జానకిరామయ్యకు కూడా అది న్యాయంగానే తోచింది. రమాసుందరి తన చేత్తో పెట్టినట్టే లెక్క. అప్పుడైనా తింటుంది.

ఆదివారం పదింటికి నడక సంఘం వాళ్లు ముప్పై మంది వచ్చారు. దత్తాత్రేయ పావుగంట మాట్లాడాడు. మిన్నూ ఓపిగ్గా వింది. శాలువా కప్పి, మెడ కింద ముడి వేస్తే వేయించుకుంది. బాలశౌరి మిషను తెచ్చి, దాని ముఖానికి రెండడుగుల దూరంలో పెట్టి, ప్లగ్గు బిగించాడు.

తరవాత జరిగింది వీడియో తీస్తున్న వాళ్ల ఫోన్లలో కూడా సరిగ్గా పడలేదు. బస్తాల మీంచి ఒక నల్లటి గీత, దాని మీద జరీ అంచు, రెండు కుర్చీలు కిందపడిన శబ్దం. దత్తాత్రేయ చేతిలోని జ్ఞాపిక ఎదురుగా రావడంతో మిషను గుప్పెడు గింజలు ఆయన బూట్ల మీద పోసింది. శాలువాతో కుక్క రోడ్డెక్కింది. ఆటోలూ సిటీ బస్సూ బ్రేకులు వేశాయి. జానకిరామయ్య ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా పరిగెత్తాడు. అరవై ఆరేళ్లలో ఆయన దేని వెనకా అలా పరిగెత్తలేదు. సరుకైనా, మనిషైనా, పోయేదాన్ని పోనిచ్చి లెక్క చూసుకోవడమే ఆయనకు అలవాటు. ఆయన వెనక నడక సంఘం, వాళ్ల వెనక సీతమ్మ. రెండు సందులు తిరిగాక కుక్క కనపడలేదు. ఏ లారీ కింద నల్లగా ఏది కనపడినా ఆయన వంగి చూశాడు. నీడలు, టైర్లు, ఒక చెత్త సంచి.

గంటన్నర వెతికాక కాలువ గట్టు మీద చేపలమ్మే సుధామణి దుకాణం దగ్గర జనం నవ్వుతూ కనపడ్డారు. పట్టా కింద నీడలో, జరీ శాలువాతో, మిన్నూ కూర్చుని ఉంది. ముందు కాళ్ల మధ్య చేప తలకాయ పట్టుకుని నమిలి తింటోంది. జానకిరామయ్య ఇంట్లో మూడు తరాలుగా కోడిగుడ్డు కూడా గుమ్మం దాటలేదు.

"మీదాండీ ఇది?" అంది సుధామణి. "పది రోజుల్నుంచీ పన్నెండింటికి డ్యూటీకొచ్చినట్టొస్తందండి. రెండు తలకాయలు, నాలుగు తోకలు. తినేసి కాసేపు కునుకు తీసి పోద్ది. ఇయ్యాల పెందలాడే వచ్చింది. శాలువా ఎవరు కప్పారండీ, ఈ ఎండలో?"

పన్నెండింటికంటే హమాలీలు లారీల్లోంచి బస్తాలు దించే వేళ. కుక్క కొట్లో ఉందో లేదో చూసే తీరిక ఎవరికీ ఉండదు. దత్తాత్రేయ శాలువా వైపు చూసి, దాని ఖరీదు గుర్తొచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నడక సంఘం ఒక్కొక్కరే ఇంటిదారి పట్టింది. సీతమ్మ మాత్రం ఆయాసపడుతూ అక్కడే నిలబడింది.

"అయితే ఇదీ ఏడవలేదన్నమాట," అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "మా చెల్లి కోసం ఆ కొంపలో ఏడ్చిన ప్రాణి ఒక్కటీ లేదు."

జానకిరామయ్య కుక్క దగ్గర చతికిలపడ్డాడు. బతికుంది, చాలు అనుకోవాలి. అనుకున్నాడు కూడా. కానీ పది రోజులుగా తన పేరు మీద కూడా దుఃఖం మోస్తోందనుకున్న ప్రాణి రోజూ భోంచేసి కునుకు తీస్తోందంటే, ఆ వాటా అంతా మళ్లీ తిరిగొచ్చి తన నెత్తినే పడినట్టయింది.

సుధామణి కత్తి పక్కన పెట్టింది. "ఒక మాటండీ. ఇది మొదటిరోజు ఒట్టి ఆకలికి రాలేదు. వణుకుతా వచ్చింది. చెవులు అణుచుకుని, తోక కాళ్లలో పెట్టుకుని. మీ ఇంట్లో ఏదో దీన్ని తరుముతుందండి. చూసుకోండి."

ఆయన మిన్నూను చేతుల మీద ఎత్తుకుని ఇంటికి నడిచాడు. బరువు ఇదివరకటి కంటే ఎక్కువ అనిపించింది. మోసేవాడిలో సత్తువ తగ్గితే అలాగే ఉంటుందిలే అనుకున్నాడు. కొట్టు గుమ్మం దగ్గరకు రాగానే అది ఒళ్లంతా బిగదీసుకుని, చెవులు వాల్చి, ఆయన భుజం మీదకు పాకింది. ఫోటో కింద మిషను ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. కొట్లో ఏ చప్పుడూ లేదు. ఆయన మిషను వైపు చూశాడు, కుక్క చెవుల వైపు చూశాడు, వెళ్లి ప్లగ్గు పీకాడు. చెవులు లేచాయి. మళ్లీ పెట్టాడు. వాలాయి. పీకాడు. మిన్నూ చేతుల్లోంచి దూకి, నేల మీద పడి ఉన్న గింజలు ఒక్కటి మిగల్చకుండా తినేసింది.

అప్పుడు జానకిరామయ్య మేడెక్కి నోటుపుస్తకం తెచ్చి, బస్సు టికెట్టు ఉన్న పేజీ తిప్పాడు. అవతల ఒక్క పేజీయే రాసి ఉంది. పిల్లల ప్రయోగాలు దిద్దిన చెయ్యి కాబట్టి, ఓపిక లేకపోయినా అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి.

"మిన్నూకి సెన్సరు చప్పుడు వినపడుతోంది. మనకు కాదు, దానికి. పెట్టగానే మంచం కిందకు పోతోంది. బొచ్చుకు తగిలిన చప్పుడు సరిగ్గా తిరిగి రావడం లేదు కూడా. ప్రయోగం విఫలం. పొరపాటున ఎవరూ ఆన్ చేయకుండా సెన్సరు వైరు పీకేశాను.

"మిషను బదులు: ఆయన. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది, చేత్తో పెట్టాలి. ఇదే మేలు. కుక్కకు పెట్టే వేళకు ఆయన కూడా కూర్చుంటారు. ఆయనకు చెప్పాలి."

చివరి రెండు మాటల కింద గీత ఉంది. ఆ తరవాతంతా ఖాళీ.

బాలశౌరి ఆయన భుజం మీంచి చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను కలిపింది అక్కయ్యగారు పీకిన వైరా అండీ?"

జానకిరామయ్య పుస్తకం మూశాడు. ఆవిడ పని పూర్తి చేశాననుకున్నాడు. పూర్తయిన పనిని విప్పి, పధ్నాలుగు రోజులు ఆవిడ కుక్కను ఆవిడ మిషనుతోనే తరిమాడు. చెప్పాలని ఆవిడ రాసుకున్న మాట ఈ మూడు నెలలూ ఒక్క కాగితం అవతలే ఉంది. ఆయన మిషను దగ్గర కూర్చుని, రెండు వేళ్లతో ఆ వైరు పట్టుకుని లాగాడు. తేలిగ్గానే వచ్చేసింది. దాన్ని చుట్టి నోటుపుస్తకంలో, టికెట్టు పక్కన పెట్టాడు. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడో సీతమ్మకు కనపడలేదు. బస్తాలు అడ్డం ఉన్నాయి.

ఆ రాత్రి ఎనిమిదికి పది నిమిషాలుండగా షట్టరు దించిన చప్పుడైంది. చెల్లెలి పెళ్లయ్యాక అంత పెందలాడే ఆ షట్టరు దిగడం సీతమ్మ ఎరగదు. ఆయన మెట్లెక్కి వచ్చి, వరండాలో నేల మీద కూర్చున్నాడు. మిన్నూ వెనకే వచ్చి ఆనుకుని కూర్చుంది.

"వదినగారూ, రెండు పళ్లాలు పెట్టండి."

సీతమ్మ పెట్టింది. కుక్క ఒక పళ్లెం ఖాళీ చేసింది. రెండో పళ్లెం ఆయన ముందు సగం దాకా ఖాళీ అయింది. ఆవిడ ఇంకొంచెం వడ్డించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ చేతికి ఉంగరం వదులై, వేలి కణుపు దగ్గరకు జారి ఉండటం ఆవిడ చూసింది. మజ్జిగలో ఇంకాస్త ఉప్పు వేసి తెచ్చింది.

మర్నాడు సోమవారం. ఆరింటికి మిన్నూను కాటా ఎక్కించాడు. పదహారు కిలోల ఐదు వందలు. చేప తలకాయల మీద లాభం మూడు వందల గ్రాములు. పలక మీద రాసి, తను ఎక్కాడు. అరవై ఆరు కిలోల తొమ్మిది వందలు. తరుగు నాలుగున్నర కిలోలు. మధ్యలో రమాసుందరి గడి వైపు ఒకసారి చూసి, అంకె సరిగ్గా చదివానా అని దిగి మళ్లీ ఎక్కాడు. అదే చూపించింది. వెనక మెట్ల మీద కాఫీ గ్లాసుతో సీతమ్మ నిలబడి పలక చదువుతోంది. రెండు వారాల్లో ఇంత తరుగు ఏ సరుకుకూ పోదు, కాటాలోనే ఏదో తేడా ఉండి ఉంటుందని ఆవిడకు వినపడేలా చెప్పి, జానకిరామయ్య ఇరవై కిలోల రాయి ఎత్తి పెట్టి చూశాడు.

కాటా సరిగ్గానే ఉంది.